సొరల దగ్గర మసలిన మనిషి

పోయిన నెల చిలకలూరిపేట బస్టాండు మలుపులో ఒక సంతాపం ఫ్లెక్సీ కట్టారు. ఒక మూల ఆవిడ ఫొటో ఉంది. తెల్లచీర, కొంచెం పక్కకి తిప్పిన ముఖం. మిగతా జాగా అంతా సొరచేపదే. నోరు బార్లా తెరిచి, పళ్ళన్నీ కనబడేలా, ఆ పళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతున్నట్టు వేశారు బొమ్మ. కింద "సొరలను గడగడలాడించిన వీరవనిత" అని పెద్ద అక్షరాలు. వేయించింది ఆవిడ అక్క కొడుకే. ప్రేమతోనే వేయించాడు. పిన్ని గురించి గొప్పగా చెప్పాలనుకుంటే అతనికి తోచింది అది.

బస్సు దిగి ఆ ఫ్లెక్సీ కింద కాసేపు నిలబడిపోయాను. ఆవిడ బతికుండి దాన్ని చూస్తే ఏమనేదో నాకు తెలుసు. "అంత నోరు తెరిచిందంటే దాన్ని ఎవురో బాగా ఇబ్బంది పెట్టారండి" అనేది.

తెలియనివాళ్ళు నన్ను అడిగేది ఒకటే. "సొర కరిచి పోయిందా?" కాదు. పత్తి తీతలకు వెళ్ళి, మధ్యాహ్నం అన్నం తిని, గిన్నె కడిగి లేవబోతూ చేలోనే ఒరిగిపోయింది. గుండె అన్నారు. ఏళ్ళ తరబడి సొరల మధ్య ఈదిన మనిషి ఒంటి మీద వాటి పంటిగాటు ఒక్కటి లేదు. ఈ మాట చెబితే అడిగినవాళ్ళ ముఖాలు చిన్నబోతాయి.

నేను యడ్లపాడు దగ్గర పల్లెలో హైస్కూలు పిల్లలకు తెలుగు చెబుతాను. ఆవిడ అక్కగారింట్లో మేడ మీద గది నాది. ఆవిడ గల్ఫ్ నుంచి తిరిగొచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇంటిపనికని వెళ్ళి, తర్వాత ఒక అక్వేరియంలో అద్దాలు తుడిచే పనిలో కుదిరి, చివరికి ఆ అద్దం అవతలి వైపుకు చేరిన మనిషి ఆవిడ. చిన్నప్పుడు సాగర్ కాలువలో ఈత నేర్చుకుంది. ఆ ఈత చూసి, అక్కడ పనిచేసే ఫిలిప్పీన్స్ దేశస్థురాలు ఒకామె డైవింగ్ నేర్పించి తన వెంట నీళ్ళలోకి తీసుకెళ్ళిందట. ఎడమ చెవి కర్ణభేరి దెబ్బతిన్నాక డాక్టర్లు ఇక లోతుకు దిగొద్దన్నారు. దాంతో ఇంటికి వచ్చేసింది.

వచ్చిన కొత్తలో అరుగు మీద ఆడవాళ్ళంతా చేరి, అక్కడ ఏం పని చేసేదానివని అడిగారు.

"సొరలకి మేత పెట్టేదాన్ని."

"సొరపాదులకా? మేతేందే, ఎరువు గదా వేసేది!" అంది ఒక ముసలామె.

"ఆ సొరకాయ కాదత్తా, సొరచేప."

అందరూ గుండెల మీద చేతులేసుకున్నారు. ముసలామె మాత్రం తగ్గలేదు. "బాలింతలకి పాలు పడాలని పెడతాం, ఆ సొరేనా? ఇక్కడ మేము దాన్ని తింటంటే అక్కడ నువ్వు దానికి తినిపిస్తన్నావా?"

"ఎవురో ఒకరు పెట్టాలి గదత్తా" అని ఆవిడ వీధి చివరిదాకా వినబడేలా నవ్వింది. చెవి వల్ల ఆవిడ మాటా నవ్వూ అన్నీ గట్టిగానే ఉండేవి. ఎవరు పక్కన కూర్చోబోయినా భుజం పట్టుకుని కుడివైపుకు తిప్పుకునేది.

గొంతు అంత పెద్దదైనా కదలికలు మాత్రం నెమ్మది. గేదె దగ్గరికి వెళ్ళినా, పసిపిల్లను ఎత్తుకున్నా, పక్కింటి కోడిపెట్టను గంప కింద కమ్మినా చేతులు తొందరపడేవి కావు. పశువుల కొట్టంలోంచి వచ్చేటప్పుడు వాటికి వీపు చూపించేది కాదు, వెనక్కి అడుగులేసుకుంటూ వచ్చేది. వాళ్ళ అక్క వెక్కిరించేది. "మన గేదె నిన్నేం మింగదులేవే."

"మింగదులే. కానీ అదేం చేస్తందో నాకు తెలియాలి, నేనేం చేస్తన్నానో దానికి తెలియాలి."

ఆవిడ మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయినది ఇంకొకటుంది. "పనైపోయాక నీళ్ళలో ఉండకూడదండి." సొరలకు మేత పెట్టాక, తొట్టి అడుగు శుభ్రం చేశాక, ఒక్క నిమిషం కూడా అదనంగా ఉండనిచ్చేవాళ్ళు కాదట. అద్దం అవతల జనం చేతులూపుతుంటారు, ఇంకోసారి అటు తిరగమని సైగలు చేస్తుంటారు. అప్పుడే పైకి వచ్చేయాలి. "మెప్పు కోసం ఆగినప్పుడే దెబ్బలు తగిలేది" అనేది. ఈ అలవాటు పెళ్ళిళ్ళకూ పాకింది. అన్నం తిని, అక్షింతలు వేసి లేచేది. ఇంకాసేపు ఉండమంటే, "పనైపోయిందిగా" అనేది. నా గదికి టీ తాగడానికి వచ్చినా అంతే. గ్లాసు కింద పెట్టడం, లేవడం ఒకేసారి జరిగేవి. మొదట్లో నేను నొచ్చుకునేదాన్ని. తర్వాత ఆవిడ లేవబోతుంటే గ్లాసులో ఇంకొంచెం పోసేదాన్ని.

మిరప కోతలప్పుడు చేలోంచి బయటికొచ్చే ముందు గోతాలు, నీళ్ళ సీసాలు, పిల్లల చెప్పులు అన్నీ లెక్క చూసేది. లోపలికి తీసుకెళ్ళినవన్నీ బయటికి రావాలి. అక్కడ నీళ్ళలో ఒక చిన్న బ్రష్ మర్చిపోయినా ఏదో ఒక సొర దాన్ని మింగి చస్తుందట. ఇక్కడ మింగేవాళ్ళెవరూ లేకపోయినా ఆ అలవాటు పోలేదు.

ఒకసారి చర్చిలో పాస్టరు గారు ఆవిడను సాక్ష్యం చెప్పమన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక మైకు ఇచ్చి, "అమ్మా, దేవుడు ఆ మృగాల నోళ్ళు ఎలా మూశాడో చెప్పమ్మా, మన వాళ్ళ విశ్వాసం బలపడుద్ది" అన్నారు. నేను వాళ్ళ అక్కతో కలిసి వెళ్ళాను ఆ రోజు. ఆవిడ మైకు అందుకుంది.

"నోళ్ళు ఎవురూ మూయలేదండి అయ్యగారూ. మేమే ముందు కడుపు నింపేవాళ్ళం."

జనం నవ్వారు. పాస్టరు గారూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వించడానికి చెప్పలేదు. ఆకలిగా ఉన్నదాని దగ్గరికి, బెదిరినదాని దగ్గరికి, రోగంతో ఉన్నదాని దగ్గరికి ఒకే రకంగా వెళ్ళకూడదని చెప్పింది. సొర పక్కరెక్కలు కిందికి దించి, వీపు విల్లులా వంచి, బిగుసుకుని ఈదిందంటే అది "నువ్వు నా ఇంట్లో చాలాసేపు ఉన్నావు" అని చెప్పడమని, అప్పుడు దానికి దారి వదిలి గోడ పక్కగా బయటికి రావాలని చెప్పింది. "అది చెప్పుద్దండి. మనం వినం" అని మైకు ఇచ్చేసి తన చోటికి వెళ్ళి కూర్చుంది. పని అయిపోయింది మరి.

గుంటూరులో వేసవి ఎగ్జిబిషన్ పెట్టింది ఆ మరుసటి ఏడు. అద్దాల సొరంగంలో నడుస్తుంటే తలమీదుగా చేపలు ఈదే ఎగ్జిబిషన్. ఊళ్ళో అందరూ వెళ్ళొస్తున్నారని మేమూ వెళ్ళాం. వాళ్ళ అక్క, ఆవిడ, నేను. సొరంగం దాటాక విడిగా ఒక గుండ్రటి అద్దాల తొట్టి ఉంది. ఉప్పునీళ్ళ తొట్టి, ఛాతీ లోతు ఉంటుంది. అందులో ఒంటరిగా ఒక సొర. రెండు మూరల పొడవు, రెక్కల చివర సిరాలో ముంచినట్టు నల్లటి అంచు. తిరిగిన చోటే తిరుగుతూ గాజుకు ముక్కు కొట్టుకుంటోంది. ముక్కు మీద తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. జనం ఉంగరాలతో, సెల్‌ఫోన్లతో ఆ అద్దాన్ని టకటకా కొడుతున్నారు.

ఆవిడ అద్దానికి దూరంగా ఆగిపోయింది. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని చూస్తూ ఉంది. వాళ్ళ అక్క జెయింట్ వీల్ ఎక్కి దిగి వచ్చేదాకా అక్కడే ఉంది. తర్వాత యజమాని ఎక్కడుంటాడని గేటు దగ్గర అడిగింది.

యజమాని మన ప్రాంతం వాడు కాదు. తొట్టి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని లెక్కలు చూసుకుంటున్నాడు. ఆవిడ తానెవరో చెప్పి, "అది ఎన్నాళ్ళ నించి తినట్లేదండి?" అని అడిగింది. అతను ఆశ్చర్యపోయాడు. తినడంలేదన్న సంగతి బయటి జనానికి తెలియనివ్వలేదట. ఊరూరా తిప్పే ఎగ్జిబిషన్‌కు ఆ సొరే పెద్ద ఆకర్షణ. అది చస్తుందేమోనని అతనికీ దిగులుగానే ఉంది. పనిలోకి రమ్మన్నాడు. ఆవిడ అక్కడే తన షరతులు చెప్పింది. అద్దం కొట్టకుండా చుట్టూ తాడు కట్టాలి. దాని మీద పడే రంగు లైట్లు తీసేయాలి. తాను నీళ్ళలో ఉన్నప్పుడు గట్టున ఇంకో మనిషి ఉండాలి. ఎవరూ నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. యజమాని అన్నింటికీ ఊఁ కొట్టాడు.

గట్టున ఉండే మనిషిగా కోటేశును ఇచ్చారు. పంపు మోటార్లు చూసే మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, నరసరావుపేట వైపువాడు. సొరంటే అతనికి చచ్చేంత భయం. "అదే మంచిది. భయమున్నోడే జాగ్రత్తగా చూస్తాడు" అంది ఆవిడ.

ఆ వేసవంతా ఆవిడ రోజూ గుంటూరు బస్సెక్కింది. తల నీళ్ళ పైనే ఉండేది కాబట్టి చెవికి ఇబ్బంది లేదు. మొదట రోజుల తరబడి నీళ్ళలో దిగి గోడకు ఆనుకుని ఊరికే నిలబడేదట. అంతే పని. సొర ఆవిడకు దూరంగా, ఇంకొంచెం దగ్గరగా, మళ్ళీ దూరంగా తిరిగేది. తర్వాత ఒక పసుప్పచ్చ ప్లాస్టిక్ పళ్ళేన్ని ఒకే మూల నీళ్ళలో ముంచి, పొడవాటి కర్ర చివర చేపముక్క గుచ్చి దాని పక్కన పట్టుకునేది. చేత్తో ఎన్నడూ పెట్టలేదు. చెయ్యి వేరు, మేత వేరు అని దానికి తెలియాలనేది.

ఒక సాయంత్రం బస్సు దిగి తిన్నగా మేడ మీదికి వచ్చింది. "తిందండి" అంది. ఆ ఒక్క మాటే. ఆ రోజు రెండు గ్లాసుల టీ తాగింది, నేను పోయకుండానే ఇంకా కావాలని అడిగి.

తర్వాత ఒకరోజు నేనూ వెళ్ళి చూశాను. పసుప్పచ్చ పళ్ళెం నీళ్ళను తాకగానే ఆ సొర అవతలి గోడ దగ్గర్నించి వంపు తిరిగి నేరుగా ఆ మూలకి వచ్చింది. ముక్క అందుకుని, ఆవిడ మోచేతికి రాసుకున్నంత దగ్గరగా వెళ్ళిపోయింది. ఒకప్పుడు అద్దం కొట్టిన జనమే తాడు అవతల నోరు మెదపకుండా నిలబడి చూశారు. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ముక్కు మీది పుండుకు మందు రాయాలి. దానికోసం ఒకసారి ఆవిడ సొరను రెండు చేతుల మీదికి తీసుకుని మెల్లగా వెల్లకిలా తిప్పింది. అలా తిప్పితే అవి మత్తు కమ్మినట్టు కాసేపు కదలకుండా ఉండిపోతాయి. మందు రాసి, మళ్ళీ బోర్లా తిప్పి, అది తేరుకుని ఈదేదాకా పక్కన నడిచి వదిలేసింది. గట్టున ఉన్న కోటేశు అదంతా ఫోన్‌లో తీశాడు. దురుద్దేశమేమీ లేదు, అబ్బురంతో తీశాడు. రెండు రోజుల్లో ఆ వీడియో మా స్కూలు పిల్లల దాకా వచ్చింది. "చేతుల్లో నిద్రపోయిన సొర" అని.

యజమాని అది చూశాడు. ఆదివారం ఎవరో పెద్దమనుషులు కుటుంబాలతో వస్తున్నారని, వాళ్ళ ముందు అలా తిప్పి చూపించమని, పిల్లలు పొట్ట మీద చెయ్యేసి ఫొటో దిగుతారని అడిగాడు.

"మందు రాయటానికి తిప్పానండి. ఫొటోకి తిప్పను" అంది ఆవిడ.

"ఒక్క నిమిషమేగా అమ్మా."

"ఆ నిమిషం దాని ఊపిరి ఆడీ ఆడకుండా ఉంటదండి. మనకి తెలియదు, అంతే."

అతను మళ్ళీ అడగలేదు. ఒప్పుకున్నాడనే అనుకుంది.

ఆదివారం ఆవిడ ఆరాధన అయ్యాకే గుంటూరు బయల్దేరేది. ఆ రోజు నాకూ గుంటూరులో పనుండి ఒకే బస్సులో వెళ్ళాం. ఎగ్జిబిషన్ గేటు దగ్గర విడిపోబోతుంటే లోపల్నించి కేక వినబడింది. నాకు కేక అని మాత్రమే తెలిసింది. ఒక్క చెవితో వినే ఆవిడకు అది ఎవరిదో కూడా తెలిసింది. "కోటేశు" అని పరుగెత్తింది. ఆవిడ పరుగెత్తగా చూడటం నాకు అదే మొదలు.

జరిగింది తర్వాత తెలిసింది. ఆవిడ ఇంకా రాలేదని, ఆ పెద్దమనుషుల ముందు సొరను తిప్పి చూపించడానికి యజమాని కోటేశును దిగమన్నాడు. అన్నీ చూస్తున్నావుగా, నీకూ వచ్చులే అన్నాడు. కోటేశు పసుప్పచ్చ పళ్ళెం ముంచాడు. సొర వచ్చింది. మేత లేదు. రెండు చేతులతో ఒడిసిపట్టి తిప్పబోయాడు. అది మెలితిరిగి అతని ముంజేతిని కరిచి పట్టుకుంది. మేం వెళ్ళేసరికి అతను అరుస్తూ చేతిని పైకి లాగుతున్నాడు, సొర చేతికి వేలాడుతూ నీళ్ళలోంచి సగం బయటికి వచ్చి కొట్టుకుంటోంది.

ఆవిడ ఆదివారపు చీరతోనే తొట్టిలోకి దిగింది. ఒక్క చుక్క చిందకుండా దిగింది.

"కోటేశూ, లాగొద్దు. లాగితే చీరుకుపోద్ది. నన్ను చూడు. చెయ్యి నీళ్ళలోకి దించు."

"అక్కా, పోయిందక్కా చెయ్యి..."

"పోలేదు. నన్ను చూడు. దించు."

అతను దించాడు. ఆవిడ రెండు అరచేతులూ సొర పొట్ట కింద పెట్టి బరువంతా తాను మోసింది. దాన్ని వెనక్కి లాగలేదు. కదలకుండా నిలబడింది. కాసేపటికి సొర దానంతటదే నోరు వదిలేసి అవతలి గోడకు వెళ్ళిపోయింది.

ఆవిడ తడి పైట చించి కోటేశు చేతికి బిగించి కట్టింది. యజమాని కళ్ళలోకి చూసి, "దాన్ని ముట్టుకోవద్దు. నీళ్ళు తియ్యొద్దు. నేనొచ్చేదాకా అట్టాగే ఉండనివ్వండి" అంది. ఆటోలో ఆవిడ, కోటేశు, నేను ఆసుపత్రికి వెళ్ళాం. కుట్లు పడ్డాయి కానీ నరాలు తెగలేదు, వేళ్ళన్నీ కదులుతున్నాయి. లాగి ఉంటే చెయ్యి మిగిలేది కాదని డాక్టరు అన్నాడు. కోటేశు పెళ్ళాం పిల్లలతో వచ్చేదాకా ఆగి, మేం తిరిగి వెళ్ళాం.

తొట్టి ఖాళీగా ఉంది. జనం గొడవ చేస్తున్నారని, పోలీసులొస్తారని భయపడి వలేసి సొరను బయటికి తీశారట. అది సిమెంటు నేల మీద ఉంది. చుట్టూ ఫోన్లు. చచ్చి ఎంతసేపయిందో, తోలు ఆరిపోయి బూడిదరంగుకు తిరిగింది.

ఆవిడ జనం మధ్యలోంచి దాని దగ్గరికి నడిచింది. దాని పక్కన గొంతుక్కూర్చుని, ముక్కు మీద మానిన పుండును వేలితో తడిమింది. ఇంతలో గుంపులోంచి ఒకామె ముందుకొచ్చి, మొహమాటంగానే అడిగింది. "అమ్మా, ఇది ఊరికే పారేస్తారా? మా కోడలు బాలింత. రెండు ముక్కలిస్తే..."

ఆవిడ ఏమంటుందోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆవిడ తలెత్తి ఆమెను మామూలుగా చూసింది. "దీనికి మందులు వాడామమ్మా. బాలింతకి పెట్టకూడదు. పాలల్లోకి దిగుద్ది. చీరాల వైపు నించి వచ్చే తాజా సొర తీసుకో" అంది.

తిరుగు బస్సులో నేను ఆవిడ కుడివైపు కూర్చున్నాను. బస్సు పెదనందిపాడు రోడ్డు మలుపు దాటింది.

"కోటేశుది తప్పు కాదండి. ఆ సొరదీ కాదు" అంది ఆవిడ.

"మీది మాత్రం తప్పెలా అవుతుంది?"

"నేనొచ్చే ముందు మనుషులంటే దానికి భయం టీచర్ గారూ. ఎవురు చెయ్యి పెట్టినా అవతలి గోడకి పోయేది. ఆ భయం నేనే పోగొట్టా. పళ్ళెం ముంచితే మంచే జరుగుద్దని నేర్పా. పళ్ళెం నాదైనా చెయ్యి ఎవురిదో దానికేం తెలుసు? నమ్మి వచ్చింది."

అప్పుడు తినకపోతే చచ్చిపోయేదిగా, మీరే బతికించారుగా అన్నాను. ఆవిడ తల ఊపింది కానీ ఒప్పుకున్నట్టు కాదు. బస్సు కుదుపుల్లో ఊగినట్టు ఊపింది.

టీవీలో కింద ఎర్రగా "సొర దాడి" అని పరిగెత్తించారు. ఆవిడే సొరతో పోరాడి మనిషిని కాపాడిందన్నారు. ఇంటికి వచ్చిన విలేకరులకు ఆవిడ చెప్పింది ఒక్కటే. "పోరాడలేదండి. పట్టుకున్నానంతే." వాళ్ళు దాన్ని రాసుకోలేదు.

ఆ తర్వాత ఆవిడ నీళ్ళలోకి దిగలేదు. కోతలకు వెళ్ళింది, కల్లంలో మిరపకాయల తొడిమలు తీసింది, పత్తికి వెళ్ళింది. మా స్కూలు పిల్లలకు వచ్చి చెప్పమని రెండు మూడుసార్లు అడిగాను. "ఏం చెప్పమంటారండి, దగ్గరికెళ్ళమనా, వెళ్ళొద్దనా? నాకే తెలియట్లా" అంది. వీధిలో కుక్కపిల్లలు కాళ్ళకు చుట్టుకున్నా వంగి నిమిరేది కాదు. ఆగి, అవి పోయేదాకా నిలబడి, పక్కగా నడిచి వెళ్ళేది. ఇదివరకటి నెమ్మదే. కానీ అందులో ఉన్న ఇష్టాన్ని దాచేసుకుంది. చూసేవాళ్ళకు తేడా తెలియదు. నాకు తెలిసేది, ఏమీ చేయలేకపోయేదాన్ని.

కిందటి ఏడాది మిరప పని ముగిశాక కూలీ ఆడవాళ్ళంతా ఒక ట్రక్కు మాట్లాడుకుని సూర్యలంక సముద్రానికి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. వాళ్ళ అక్క బలవంతం మీద ఆవిడా వచ్చింది. ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టి అలల్లోకి దిగారు, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకున్నారు. వేళ్ళ గోళ్ళల్లో ఇంకా పోని మిరప మంట ఉప్పునీళ్ళు తగిలి భగ్గుమంటే కేకలు పెట్టి నవ్వారు. ఆవిడ పొడి ఇసుకలో కూర్చుని, వాళ్ళు దిగిన దగ్గర్నించి తలలు లెక్కపెడుతూ ఉంది.

ఒకామె తడిసి వచ్చి పక్కన కూలబడి అడిగింది. "ఏమే, ఇక్కడ కూడా ఉంటయ్యా సొరలు?"

ఆవిడ సముద్రం వైపు చూసింది.

"ఉండాలి" అంది.

ఆ మాటలో ఉన్నది అంచనానో, కోరికో ఆ అడిగినామె పట్టించుకోలేదు. మళ్ళీ నీళ్ళలోకి పరుగెత్తింది. నేను లేచి, రండి, పాదాలైనా తడుపుకుందాం, ఇంత దూరం వచ్చాం అన్నాను. ఆవిడ నా మాట కాదనలేక చెప్పులు విడిచి తడి ఇసుక దాకా వచ్చింది. ఒక అల పాకుతూ వచ్చింది. దాని నురగ అంటేలోపే ఆవిడ రెండు అడుగులు వెనక్కి వేసింది, వీపు తిప్పకుండా.

"వద్దండి. ఏదన్నా ఒకటి నమ్మి దగ్గరికొచ్చుద్ది" అంది.